దేవుడి పేరంత సేపు

కువైట్‌లోకి ఇరాక్ సైన్యం దిగిన వారానికి, జనమంతా చేతికందింది మూటగట్టుకుని తలో దిక్కూ పోతూ ఉంటే, గురమ్మ వాళ్ళకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, కఫీల్, సిటీలో ఇల్లు వదిలేసి సులైబియాలో ఉన్న తన తోటకు వచ్చి పడ్డాడు. నగానట్రా ఏమీ తెచ్చుకోలేదు. మార్చుకోవడానికి రెండో దిష్‌దాషా, ఆ తెల్లటి పొడుగు చొక్కా, కూడా లేదు. కారు డిక్కీలోంచి ఎంతో భద్రంగా దించిన పెట్టె నిండా కోడి ఈకలు, నెమలి ఈకలు, దారపు ఉండలు, బియ్యపు గింజంత కొక్కేలు. వెనక సీట్లో పసిబిడ్డను పడుకోబెట్టినట్టు దుప్పటి చుట్టి పడుకోబెట్టి తెచ్చింది ఒక సన్నటి గేలం కర్ర.

"దేశం పోతాంటే ఈకలు ఏరుకోని వచ్చినాడు సూడయ్యా," అంది గురమ్మ మొగుడి చెవిలో.

"నోరు మూసుకోమ్మే. వింటే బాగుండదు," అన్నాడు రామసుబ్బయ్య. ఆయనకు భయం ఎక్కువ. టమాటా మొక్కకు నీళ్ళు పెట్టాలన్నా నాలుగు దిక్కులూ చూసి పెడతాడు.

"ఇంటే మాత్రం? మన తెలుగు ఆయప్పకేం అర్థమయితాది."

మొగుడూ పెళ్ళాలిద్దరిదీ రాయచోటి అవతల గాలివీడు. తోట పని ఆయనది. వంట, కోళ్ళు, మేకలు ఆమెవి. కఫీల్ పేరు అబూ మిషారీ. గురమ్మకు మాత్రం బాబా. ఆయన భార్య, గురమ్మ 'మామా' అని పిలిచే అమ్మగారు, పిల్లల్ని తీసుకుని ఎండాకాలం సెలవులకు కైరో వెళ్ళి అక్కడే చిక్కుకుపోయింది. టెలిఫోన్లు మూగబోయాయి. సిటీలో సైనికులు ఇల్లిల్లూ తిరిగి కువైటీ మగవాళ్ళను పట్టుకుపోతున్నారు. సరిహద్దు అవతల బస్రా దాటించిన వాళ్ళ జాడ లేదు. బాబా కుర్రతనంలో కొన్నాళ్ళు సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. దొరికితే ఏం చేస్తారో ఎవరూ చెప్పక్కర్లేదు.

అటువంటి మనిషి ఈకల పెట్టె తెచ్చుకున్నాడంటే దానికో కథ ఉంది. బాబా చదువుకోవడానికి స్కాట్లాండ్ వెళ్ళాడు. చదువు ఎంతవరకు వంటపట్టిందో గానీ అక్కడి చేపల పిచ్చి మాత్రం నిలువునా పట్టింది. ఆ దేశంలో గేలానికి ఎర కట్టరట. ఈక ముక్క, బొచ్చు ముక్క కొక్కేనికి చుట్టి, అచ్చం పురుగులా తయారుచేసి నీళ్ళ మీదికి విసురుతారు. చేప మోసపోయి పట్టుకుంటుంది. అంతవరకు బాగానే ఉంది. అంత తిప్పలు పడి పట్టిన చేపను బాబా రెండు చేతుల్లో పట్టుకుని, ముద్దుగా నాలుగు మాటలు చెప్పి, తిరిగి నీళ్ళలో వదిలేస్తాడు. మొదటిసారి అది చూసినప్పుడు గురమ్మ మసాలా నూరుకుని సిద్ధంగా ఉంది.

"పెండ్లి కుదుర్చుకోని, పందిట్లో కూచోని, తాళి కట్టే యాళకు లేసిపోయినట్టుండాదే," అని అప్పుడు అనుకుంది. తరవాత కూడా ఆ అభిప్రాయం మార్చుకోలేదు.

తోట మధ్యలో నీళ్ళ తొట్టి ఉంది. పేరుకు తొట్టే గానీ నలుగురు ఈత కొట్టేంత పెద్దది, నేల పైకి నడుమెత్తు, సిమెంటు పూసిన ఇటుక గోడలు. బోరు నీళ్ళు అందులో పడి, అక్కడి నుంచి గొట్టాల్లో దోసకాయ మళ్ళకు పారతాయి. బాబా అందులో బుల్తీ చేపలు వేశాడు. మన వైపు జిలేబి చేపలంటారు. ఒక మూల జహ్రా కుంటల నుంచి తెచ్చిన జమ్ము నాటాడు. ఆ జమ్ము వేళ్ళ వెంట ఒక పురుగు కూడా వచ్చింది. అది ఇసుక రేణువులు, పుల్లలు నోటి జిగురుతో అతికించి, ఒంటి చుట్టూ చిన్న ఇల్లు కట్టుకుని, ఆ ఇంటిని ఈడ్చుకుంటూ నీటి అడుగున తిరుగుతుంది. గురమ్మ దాన్ని చూడగానే గుర్తుపట్టింది. చిన్నప్పుడు పాపాఘ్నిలో రాయి తిరగేస్తే ఇవే.

"ఇది మా యేట్లో ఉండే గూటిపురుగు బాబా," అంది తనకొచ్చిన వంటింటి అరబ్బీలో.

"కాడిస్!" అన్నాడు బాబా, స్కాట్లాండ్‌లో దానికున్న పేరుతో. అప్పుడాయన మొహం చూస్తే మనవడు పుట్టాడన్నంత వెలుగు.

ఇదంతా యుద్ధానికి ముందు మాట. ఇప్పుడు బాబా తొట్టి దగ్గర నిలబడితే రోడ్డు మీదికి కనిపిస్తాడు. అందుకని పంపు గదిలో ఉండిపోయాడు. జీపు దుమ్ము లేచిందంటే చాలు, తొట్టి గోడకు ఆనుకుని ఉన్న వాల్వు గుంతలోకి దిగుతాడు. మనిషి ముడుచుకుని కూర్చుంటే సరిపోయే గుంత అది. తొట్టికీ దానికీ మధ్య ఒంటి ఇటుక గోడ. ఆ గోడలోంచి వచ్చిన లావాటి ఇనుప గొట్టం ఒకటి గుంతలోంచి పైకి లేచి తొట్టి పక్కగా పోతుంది. మీద రేకు మూత, మూత మీద గురమ్మ పరిచే గడ్డి మోపు.

బాబా తలుపు సందులోంచి సాయంత్రం పూట తొట్టి వైపు చూస్తూ నిట్టూర్చేవాడు. ఆ నిట్టూర్పులు విని విని గురమ్మకు విసుగు పుట్టింది.

"నువ్వు రాలేవు. ఆ కర్ర నా చేతికియ్యి. నేను పట్టకొస్తా. కూరన్నా అయితాది," అంది. అంగళ్ళలో మాంసం కనిపించక అప్పటికి చాలా రోజులైంది.

అంతకు ముందు రోజే రామసుబ్బయ్య ప్రయత్నించి తన చెవికే కొక్కెం తగిలించుకున్నాడు. కాబట్టి బాబాకు వేరే దిక్కు లేదు. ఒక్కటంటే ఒక్క చేప కూరకు, మిగతావి వదిలేయాలి అని షరతు పెట్టి, బిడ్డను అత్తారింటికి పంపుతున్న మొహంతో కర్ర అందించాడు.

అప్పటి నుంచి పాఠాలు. బాబా పంపు గదిలో చీకట్లో ముక్కాలిపీట మీద కూర్చుని, సందులోంచి పాఠం చెప్తాడు. గురమ్మ చీర కుచ్చెళ్ళు దోపుకుని తొట్టి దగ్గర నిలబడుతుంది. ఆ గూటిపురుగు పొద్దు వాలేదాకా అడుగునే ఉంటుందట. పొద్దు వాలాక ఇల్లు కొరికి బయటపడి, ఒంటికి గాలి బుడగ చుట్టుకుని, జివ్వున పైకి లేస్తుందట. నీటి మీద పొర చీల్చుకుని, రెక్కలు విప్పి, ఎగిరిపోతుందట. చేప దానికోసం కాచుకుని ఉండేది అది పైకి లేచే దారిలోనే. అంచేత నువ్వు విసిరిన ఈకను కాసేపు మునగనివ్వాలి. తరవాత కర్ర కొన మెల్లగా ఎత్తాలి, పురుగు లేస్తున్నట్టు.

విసరడం గురమ్మకు తొందరగానే వచ్చింది. తడి చీరను తీగ మీదికి విసిరినట్టే ఉంది. ఈక నానేదాకా ఆగింది, మెల్లగా ఎత్తింది. చేప దభీమని పైకొచ్చింది. గురమ్మ "వీరభద్రా!" అని ఒక్క గుంజు గుంజింది. ఈక గాల్లో తేలుతూ వచ్చి ఆమె కొప్పులో చిక్కుకుంది.

"అయ్యో! తొందర! తొందర!" అని తలుపు సందులోంచి ఏడుపు గొంతు. "చేప నోరు మూసి కిందికి తిరిగే దాకా ఆగాలి. నేను బిస్మిల్లా పూర్తిగా చదువుతాను. బిస్మిల్లా హిర్రహ్మా నిర్రహీం. అప్పుడు ఎత్తుతాను. సరిగ్గా అంత సేపు."

"నీ దేవుణ్ణి నువ్వు తల్చుకో. నా దేవుణ్ణి నేను తల్చుకుంటా."

"తలచుకో, కాదనను. కానీ నీ దేవుడి పేరు మరీ పొట్టిగా ఉంది గురమ్మా."

రాయచోటి వీరభద్రుణ్ణి పొట్టి అన్నందుకు గురమ్మకు రోషం వచ్చింది. ఆ రోషంలో మరుసటి రోజూ పొట్టిగానే పిలిచింది. చేప రావడం, "వీరభద్రా" అనడం, ఈక ఎగిరి రావడం. ఒక రోజు ఈక వెళ్ళి జమ్ములో చిక్కుకుని తెగిపోయింది. ఇంకో రోజు మేక తినేసింది. తెచ్చిన ఈకలు అలా అయిపోతూ ఉంటే బాబా కళ్ళు గురమ్మ కోడిపుంజు మీద పడ్డాయి. దాని పేరు డేగ. ఎర్రటి మెడ. ఆ మెడ ఈక, మేక చెవి మీది నూగు కలిపి చుడితే అచ్చం పురుగే. పట్టుకుని పీకేటప్పుడు డేగ పెట్టిన కేకలు సులైబియా అంతా వినబడి ఉంటాయి. ఇరాక్ సైన్యం రాకను కువైటీలంత గట్టిగా అసహ్యించుకున్న ప్రాణి ఆ తోటలో అదొక్కటే.

గురమ్మ ఒక్క చేపనైనా ఒడ్డుకు తేకముందే సైనికులు రానే వచ్చారు.

సాయంత్రం. దుమ్ము చూసి రామసుబ్బయ్య "యల్లా, యల్లా" అని కీచుగా అరిచాడు. బాబా గుంతలోకి దిగాడు. రేకు మూత పడింది. మూత మీద గడ్డి మోపు వేసి గురమ్మ చేతులు దులుపుకునేలోగా జీపు ఆగింది. నలుగురు దిగారు. ముందు మీసాల సార్జంటు ఒకడు. వెనక, అందరికంటే వయసు మళ్ళిన బక్కపలుచని సైనికుడు. అతన్ని జబ్బార్ అని పిలిచారు.

దోసకాయలు కోసుకున్నారు. రెండు పెట్టల్ని పట్టుకున్నారు. డేగను చూసి, బోసి మెడ చూసి, రోగమొచ్చిందనుకుని వదిలేశారు. తరవాత సార్జంటు తొట్టిలోకి తొంగిచూశాడు. చేపలు నల్లగా కదులుతున్నాయి. రొట్టె ముక్క వేసి చూశాడు. ఒక్కటీ పైకి రాలేదు. బాబా చేతిలో అన్నేళ్ళుగా పట్టుబడి, ముద్దు మాటలు విని, వదిలేయబడి, ఆ చేపలు బాగా చదువుకున్నాయి. పైనుంచి పడే దేన్నీ నమ్మవు, సందె వేళ లేచే ఆ పురుగును తప్ప.

"ఇంత ఆలోచన దేనికి?" అన్నాడు సార్జంటు. నడుముకున్న గ్రెనేడ్ తీశాడు. "ఒకటి వేస్తే అన్నీ తేలతాయి."

గురమ్మకు గుంత గుర్తొచ్చింది. తొట్టిలో అది పేలితే చేపలు తేలడం అటుంచి, ఒంటి ఇటుక గోడ నిలుస్తుందా? నీళ్ళన్నీ గుంతలోకే. పైన రేకు మూత, దాని మీద తనే స్వయంగా వేసిన గడ్డి మోపు. లోపలున్న మనిషి గట్టిగా అరవను కూడా అరవడు.

"వద్దు సార్, వద్దు!" అంది. "గోడ పగులుతాది. నీళ్ళు పోతాయి. రేపు మీకు దోసకాయలు యాడివి? చేపే కదా కావల్సింది. నేను పట్టిస్తా."

"నువ్వా?" అని నవ్వారు.

జబ్బార్ మాత్రం నవ్వలేదు. "పట్టనివ్వండి," అన్నాడు. "మా చిత్తడి ఊళ్ళలో ఇట్లా బాంబులేసిన నీళ్ళలో మళ్ళీ ఏడాది దాకా చేప కనపడదు."

సార్జంటు గోడ మీద కూర్చున్నాడు. గ్రెనేడ్ పక్కనే పెట్టుకున్నాడు. "సూర్యుడు మునిగేదాకా చూస్తాను. తరవాత నా పద్ధతి నాది," అన్నాడు.

గురమ్మ పంపు గదిలోంచి కర్ర తెచ్చింది. కొక్కేనికి డేగ మెడ ఈక కట్టి ఉంది. మొదటి విసురు వంకరగా వెళ్ళి జమ్ము పక్కన పడింది. అదృష్టం బాగుంది, అక్కడే పురుగులు లేస్తున్నాయి. నీటి మీద చిన్న చిన్న ఉంగరాలు. మునగనిచ్చింది. మెల్లగా ఎత్తింది. దభీమంది. "వీరభద్రా!" అంటూ గుంజింది. ఈక ఉత్తగా వచ్చింది.

సైనికులు చప్పట్లు కొట్టారు. రామసుబ్బయ్య కళ్ళు మూసుకున్నాడు.

రెండోసారి విసిరింది. మునిగింది, ఎత్తింది, చేప వచ్చింది, "వీరభద్రా", పోయింది. భయం వేసినప్పుడు దేవుడి పేరు ఇంకా పొట్టిదవుతుందని ఆమెకు అప్పుడే తెలిసింది. పొద్దు సగం మునిగింది. సార్జంటు లేచి ఒళ్ళు విరుచుకున్నాడు.

మూడోసారి చేప నీళ్ళు చిమ్మింది. మళ్ళీ గుంజింది. ఈక గాల్లో ఉండగానే, కాస్త ఆలస్యంగా, గొట్టం మీద ఇనుము తగిలిన చప్పుడు. టంగ్.

అందరూ అటు తిరిగారు.

ఎవరి పనో గురమ్మకు తెలుసు. లోపల ఆ మహానుభావుడు గొట్టానికి చెవి ఆనించి, చేప చప్పుడు విని, బిస్మిల్లా చదివి, ఇప్పుడు ఎత్తు అని వాల్వు తిప్పే స్పానర్‌తో కొట్టాడు. ప్రాణం మీదికి వచ్చినా గేలం తప్పు లాగితే ఓర్చుకోలేడు!

"ఏమిటది?" అన్నాడు సార్జంటు.

"గాలి సార్. పాత గొట్టాలు. పొద్దుపోయేసరికి గాలి జొరబడి కొట్టుకుంటాది," అంది గురమ్మ. "ఏమయ్యా, చెప్పవేందీ?"

"గా... గాలే సార్," అన్నాడు రామసుబ్బయ్య. జన్మలో మొదటిసారి ఆయన భయం పనికొచ్చింది. వాళ్ళు జీపు దిగినప్పటి నుంచీ ఆయన అలాగే వణుకుతున్నాడు కాబట్టి ఎవరూ వింతగా చూడలేదు.

గురమ్మ నాలుగోసారి విసిరింది. ఈసారి లోపలి మనిషి మీద కోపం వచ్చి, ఆ కోపానికి భయం కాస్త పక్కకు తప్పుకుంది. పొట్టి పేరన్నావు గదా, ఉండు చెప్తా అనుకుంది. ఈక మునిగింది. కర్ర కొన ఎత్తింది. జమ్ము పక్కన నీళ్ళు పగిలాయి.

"రాయచోటి వీరభద్రస్వామీ, మా తండ్రీ," అని పూర్తిగా, చేతులు జోడించి గుళ్ళో నిలబడినంత నిదానంగా అనుకుంది. అనుకోవడం పూర్తవుతుండగా గొట్టం టంగ్‌మంది. రెండూ ఒకేసారి. గురమ్మ కర్ర ఎత్తింది.

బరువు తగిలింది. కర్ర విల్లులా వంగింది. చేప తొట్టంతా తిరిగింది, గురమ్మ తొట్టి చుట్టూ పరుగెత్తింది, చీర చెరగు నీళ్ళలో పడింది, జబ్బార్ వంగి రెండు చేతులా చేపను ఎత్తాడు. మూరెడు పొడుగు బుల్తీ. సైనికులు కేకలేశారు. సార్జంటు గ్రెనేడ్ తీసి నడుముకు పెట్టుకున్నాడు.

"రోజూ ఒకటి కావాలి," అని చెప్పి జీపెక్కాడు.

జీపు పోయాక గడ్డి మోపు తీస్తే, బాబా చెమటతో తడిసి ముద్దయి ఉన్నాడు. కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి.

"చూశావా? పేరు పొడుగు చేశావు, పడింది!"

"నోర్ముయ్ బాబా!" అంది గురమ్మ. కఫీల్‌ను అలా అనకూడదని ఆమెకు అప్పుడు గుర్తు లేదు. "మల్లా ఆ గొట్టం ముట్టుకుంటివా, నేనే పిల్సకొచ్చి పట్టిస్తా." అని, మెట్టు మీద కూలబడి ఏడ్చింది. బాబా తల దించుకుని, అల్లా మీద ఒట్టు, ఇక కొట్టను అన్నాడు.

ఆ ఒట్టు మరుసటి సాయంత్రం దాకా కూడా నిలవలేదు.

రోజూ చేప కోసం జబ్బార్ ఒక్కడే వచ్చేవాడు. సైకిల్ మీద వచ్చి, తుపాకీని మేకల దడికి ఆనించి, తొట్టి గోడ మీద కూర్చునేవాడు. గురమ్మను ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేవాడు. బస్రా పక్కన చిత్తడి నీళ్ళలో రెల్లు ఇంట్లో పుట్టాడట. యుద్ధం తరవాత యుద్ధం, ఊరు చూసి ఎన్నాళ్ళయిందో అతనికే తెలీదు. చేప నీళ్ళు చిమ్మేది. గురమ్మ పెద్ద పేరు తలచుకునేది. టంగ్. కర్ర లేచేది.

"పాత గొట్టాలు," అనేది గురమ్మ ఎప్పుడూ.

"పాత గొట్టాలే," అనేవాడు జబ్బార్.

రాత్రి అన్నాల దగ్గర గురమ్మ బాబాను చెడామడా తిట్టేది. బాబా చేప లేని చేపల పులుసు తింటూ, "నేను కొట్టాలని కొట్టడం లేదు గురమ్మా, చెయ్యి దానంతటదే లేస్తుంది," అనేవాడు. డేగ మెడ మీద కొత్తగా మొలిచిన ఈకల్ని లెక్కపెట్టుకుంటూ ఉండేవాడు.

మధ్యలో సిటీ పక్కన ఖైతాన్ నుంచి అన్వర్ బాషా పికప్ వేసుకుని వచ్చాడు. వాళ్ళ రాయచోటి వాడే. బస్రా మీదుగా జోర్డాన్‌లోని అమ్మాన్‌కు బస్సులు పోతున్నాయి, అక్కడ విమానం ఎక్కిస్తున్నారు, ఇవే చివరి బస్సులంటున్నారు, వస్తే ఇప్పుడే రండి అన్నాడు. రామసుబ్బయ్య అప్పటికే మూట కట్టేశాడు.

"పొండి," అన్నాడు బాబా. "నాకోసం ఉండొద్దు. మీరు నా బిడ్డల లాంటి వాళ్ళు."

గురమ్మ ఆయన వైపు చూసింది. టీ కాచుకోవడం రాని మనిషి. గొట్టం కొట్టకుండా ఉండలేని మనిషి. తను వెళ్ళిపోతే, చేప దొరకని మొదటి సాయంత్రం సార్జంటు తన పద్ధతితో వస్తాడు.

"నువ్వు పోవాలంటే పోవయ్యా," అంది మొగుడితో. "నేను ఈయప్ప మీద మూత ఏసినదాన్ని. తీసేదాకా యాడికీ రాను."

రామసుబ్బయ్య చాలాసేపు మూట వైపు, పికప్ వైపు, పెళ్ళాం వైపు చూశాడు. ఆ తరవాత మూట విప్పాడు. విప్పుతూ విప్పుతూ గొణిగిన మాటల్ని ఇక్కడ రాయడం బాగుండదు. అన్వర్ బాషా తన దగ్గరున్న బియ్యం సంచి దించి, అల్లా మిమ్మల్ని కాపాడాలి అని చెప్పి వెళ్ళిపోయాడు.

చలి మొదలైంది. పురుగులు లేవడం తగ్గింది. ఒక్కో సాయంత్రం పొద్దు పూర్తిగా పోయేదాకా నీటి మీద ఒక్క ఉంగరం కనిపించేది కాదు. ఇక చేపలు దొరకని రోజు వస్తుందని గురమ్మకు దిగులు పట్టుకుంది. ఆ దిగులులో ఉండగానే ఒక సాయంత్రం జబ్బార్ సంచీ భుజానికి తగిలించుకుని వచ్చాడు.

"మమ్మల్ని సరిహద్దుకు పంపుతున్నారు ఖాలా. పొద్దున్నే వెళ్ళిపోతాం. సార్జంటు కూడా," అన్నాడు. "ఒక్కసారి విసురు. చూసి పోతాను."

నీళ్ళు అద్దంలా ఉన్నాయి. గురమ్మ ఆఖరి ఈక కట్టింది. జమ్ము మూలకు విసిరింది. అది నానుతూ మునిగింది. ఎక్కడో అడుగున ఒకే ఒక్క పురుగు ఆ రోజు ఇల్లు కొరుక్కుని బయటపడిందేమో, ఎవరికి తెలుసు. కర్ర కొన ఎత్తుతుంటే నీళ్ళు పగిలాయి. రాయచోటి వీరభద్రస్వామీ, మా తండ్రీ. టంగ్. పడింది.

జబ్బార్ చేపను కొక్కెం నుంచి విడిపించాడు. సంచీలో వేసుకోలేదు. రెండు చేతుల మధ్య పట్టుకుని, నీళ్ళలో తల ఎటువైపు ఉండాలో అటు తిప్పి, అది తోక ఆడించేదాకా ఆగి, వదిలేశాడు. అచ్చం బాబా లాగే.

"చిన్నప్పుడు నాకు చేపలు పట్టడం మా నాన్న నేర్పాడు," అన్నాడు జబ్బార్ చేతులు తుడుచుకుంటూ. "నేను పడవ ముందు భాగంలో, ఆయన వెనక. చేప తగిలితే నేను తొందరపడేవాణ్ణి. అందుకని ఎప్పుడు లాగాలో ఆయన బిస్మిల్లా పూర్తిగా చదివి, పడవ అంచు మీద వేలితో కొట్టి చెప్పేవాడు. సరిగ్గా ఇంత సేపటికే."

"అది గాలి..." అంది గురమ్మ.

"గాలికి దేవుడి పేరు ఎప్పుడు పూర్తవుతుందో తెలీదు ఖాలా," అన్నాడతను నెమ్మదిగా. "నాకు మొదటి రోజే తెలుసు."

తుపాకీ తీసి భుజానికి వేసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ గొట్టం దగ్గర ఆగాడు. వేళ్ళు ముడిచి, దాని మీద రెండుసార్లు కొట్టాడు. టక్ టక్.

వద్దు బాబా, వద్దు, ఈ ఒక్కసారన్నా చేతులు కట్టుకోని కూచో, నీ కాళ్ళు మొక్కుతా అని గురమ్మ లోపల్లోపలే వేడుకుంది. లోపల నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం సాగింది. బిస్మిల్లా హిర్రహ్మా నిర్రహీం అని ఒక మనిషి నిదానంగా, ఒక్క అక్షరం మింగకుండా చదివేంత సేపు సాగింది.

టంగ్. టంగ్.

జబ్బార్ నవ్వాడు. ఇన్ని నెలల్లో అతను పళ్ళు కనబడేలా నవ్వడం గురమ్మ అప్పుడే చూసింది. ఆ నవ్వుతోనే సైకిలెక్కి, దుమ్ములో రోడ్డు వైపు పోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

అతను కనుమరుగయ్యేదాకా నిలబడి, గురమ్మ గడ్డి మోపు లాగేసి, మూత ఎత్తింది. స్పానర్ గుండెకు హత్తుకుని బాబా పసిపిల్లాడిలా ఏడుస్తున్నాడు. తిడదామని నోరు తెరిచింది గానీ, ఆమె కూడా ఏడ్చింది. తరవాత చెయ్యి అందించి పైకి లాగింది.

"మెల్లగా రా బాబా," అంది. "తొందరేం లేదు."